పొట్టు చేసే పని

బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, మొలక సాగకముందే వేడిగాలిలో ఆరబెడితే మాల్టు అవుతుంది. ఆ గింజలో బీరుకు పనికొచ్చేవి మూడున్నాయి: పిండి, ఆ పిండిని చక్కెరగా విడగొట్టే ఎంజైములు, పైన పొట్టు. ఈ మూడింటినీ వరసగా పనిలోకి దించడమే మ్యాషింగ్, స్పార్జింగ్.

అమెరికాలో సొంత వాడకానికి ఇంట్లో బీరు కాచుకోవడానికి 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం దారి తెరిచింది. అక్కడ కొత్తగా నేర్చుకునేవారు చాలామంది సిద్ధంగా దొరికే మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తో మొదలుపెడతారు. తర్వాతి మెట్టు పార్షియల్ మ్యాష్. ఇందులో చక్కెర కొంత గింజల నుంచి, మిగతాది ఎక్స్‌ట్రాక్ట్ నుంచి వస్తుంది. 19 లీటర్ల బీరుకు 2 కిలోల మాల్టు చాలు. పూర్తిగా గింజలతోనే కాచేటప్పుడు కావలసినంత పెద్ద పాత్రలు అక్కర్లేదు గానీ, పనిలో ఒక్క మెట్టు కూడా తగ్గదు.

మొదటిది మర. గింజ రెండు రోలర్ల మధ్య నలుగుతుంది. వాటి మధ్య సందు సుమారు ఒక మిల్లీమీటరు. లోపలి పిండి రవ్వగా చిట్లాలి, పొట్టు మాత్రం పెద్ద ముక్కలుగా మిగలాలి. మెత్తగా ఆడిస్తే చక్కెర త్వరగా దిగుతుంది కానీ ఆ తర్వాత వడకట్టే దారి మూసుకుపోతుంది.

తర్వాతిది మ్యాష్, అంటే ఆ రవ్వను వేడినీళ్లలో నానబెట్టడం. దానికి గుండ్రటి మంచినీళ్ల కూలర్ సరిపోతుంది. అడుగున చిల్లుల పళ్లెం, దాని కింద కుళాయి. 73 డిగ్రీల నీళ్లు ఐదున్నర లీటర్లు పోసి, ఉండ కట్టకుండా రవ్వ కలిపితే మొత్తం 66 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. చల్లటి గింజ ఎంత వేడి లాగుతుందో ముందే లెక్కగట్టి నీళ్లను ఆ మేరకు ఎక్కువ కాస్తారు.

66 డిగ్రీలే ఎందుకంటే, ఇక్కడ రెండు ఎంజైములు కలిసి పనిచేస్తాయి. ఆల్ఫా అమైలేజ్ పిండి గొలుసును నడుమ ఎక్కడపడితే అక్కడ తెంపుతుంది. బీటా అమైలేజ్ కొసల నుంచి రెండేసి గ్లూకోజ్ అణువులను మాల్టోజ్‌గా కత్తిరిస్తుంది. ఆల్ఫా తెంపిన ప్రతిచోటా బీటాకు కొత్త కొస దొరుకుతుంది. వేడి 70కి చేరువైతే బీటా త్వరగా చెడిపోతుంది. అప్పుడు ఈస్టు తినలేని పొడవాటి ముక్కలు మిగిలి బీరు చిక్కగా వస్తుంది. 63 దగ్గర ఉంచితే బీరు పల్చగా, తీపి తక్కువగా వస్తుంది. మూడు నాలుగు డిగ్రీల తేడా రుచినే మార్చేస్తుంది.

గంట తర్వాత ఒక చుక్క తీసి అయోడిన్ కలుపుతారు. నల్లబడితే పిండి ఇంకా ఉన్నట్టు, రంగు మారకపోతే పని ముగిసినట్టు.

ఇప్పుడు పొట్టు వంతు. కుళాయి కొద్దిగా తిప్పగానే మబ్బుగా వచ్చే మొదటి ధారను గిన్నెలో పట్టి, నెమ్మదిగా మళ్లీ పైన పోస్తారు. పొట్టు ముక్కలు ఒకదానిపై ఒకటి సర్దుకుని జల్లెడగా మారతాయి. చూస్తుండగానే ధార తేటపడుతుంది. ఈ తీపి ద్రవాన్నే వోర్ట్ అంటారు. గింజలు రెండు లీటర్ల దాకా పీల్చేసుకుంటాయి కాబట్టి ఊరికే దిగేది మూడున్నర లీటర్లే.

గింజల్లో చిక్కుకున్న తీపిని కడిగి తీయడమే స్పార్జింగ్. 75 డిగ్రీల నీటిని పైన చిలకరిస్తూ, అంతే నిదానంగా కింద వదులుతారు. గింజల పైన రెండు వేళ్ల ఎత్తు నీరు ఎప్పుడూ నిలవాలి. తొందరపడి లాగితే పొట్టు అణిగిపోయి ధార ఆగుతుంది. కడిగేకొద్దీ ఆమ్లత తగ్గుతుంది. దానికి వేడి కూడా మితిమీరితే పొట్టులోని టానిన్లు దిగి వగరు పుట్టిస్తాయి. అందుకే దిగే వోర్ట్ సాంద్రత 1.010కి పడగానే ఆపేస్తారు. ఆ తర్వాత ఎక్స్‌ట్రాక్ట్ కలిపి, చేదునిచ్చే హాప్స్ వేసి మరిగిస్తారు.

ఈ పనిలో మనిషి చక్కెరను చేయడు, జల్లెడనూ తయారుచేయడు. రెండూ గింజవే. వాటికి తగిన వేడి, తగిన వ్యవధి ఇవ్వడంలోనే మనిషి నేర్పంతా ఉంది. పొట్టు విలువ అది లేనిచోట ఇంకా బాగా తెలుస్తుంది. గోధుమ మాల్టుకు పొట్టుండదు. అది ఎక్కువగా వాడేవారు ధార ఆగిపోకుండా మ్యాష్‌లో వరి ఊక కలుపుతారు. ఊక తీపినివ్వదు, రుచినివ్వదు. వోర్ట్‌కు దారి మాత్రం ఇస్తుంది.