చూపు లేనామె మూలికల కొట్టు

మా మేనకోడలి ఇంట్లో ఫ్రిజ్ మీద ఈ వారం కొత్తగా ఒక చార్ట్ వెలిసింది. వాళ్లబ్బాయి నాలుగో తరగతి. నానమ్మకు మందులు అందిస్తే ఒక స్టార్, తమ్ముడికి బొమ్మ ఇస్తే ఒకటి, తప్పు చేసి నిజం చెబితే రెండు. ఇరవై అయితే పిజ్జా. "చూడు మామయ్యా, వారంలో ఎంత మారాడో" అని మేనకోడలు మురిసిపోతుంటే నాకు చిరాకేసింది. స్టార్ల మీద నా కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. మంచితనానికి మార్కులు వేయకూడదని ఏడాదికోసారైనా రాస్తూనే ఉన్నాను. కానీ నాకు అన్నిటికంటే ఇష్టమైన వీడియో గేమ్ చేసే పని సరిగ్గా అదే. ఆ చార్ట్ ముందు నిలబడి ఉండగా ఆ సంగతి తట్టింది. అప్పట్నుంచీ ఈ రెంటికీ తేడా ఏమిటా అనే ఆలోచిస్తున్నాను.

ఆ గేమ్ అల్టిమా 4. పూర్తి పేరు 'క్వెస్ట్ ఆఫ్ ది అవతార్'. 1985లో అమెరికాలో ఆరిజిన్ సిస్టమ్స్ సంస్థ ఆపిల్ 2 కంప్యూటర్ కోసం విడుదల చేసింది. చేసినవాడు రిచర్డ్ గారియట్, స్కైలాబ్‌లో పనిచేసిన వ్యోమగామి ఓవెన్ గారియట్ కొడుకు. అప్పటికి అతనికి 24 ఏళ్లు. నేను ఆడింది తొంభైల్లో, కంప్యూటర్ కోర్సు చేస్తున్న రోజుల్లో, ఒక స్నేహితుడి ఇంట్లో డాస్ మెషీన్ మీద.

అంతకుముందు మూడో భాగం ఆడినవాళ్ల ఉత్తరాలు గారియట్‌ను కలవరపెట్టాయి. లోకాన్ని కాపాడాల్సిన వీరులు దారిలో కొట్లు దోచుకుంటున్నారు, ఊళ్లో అమాయకుల్ని చంపుతున్నారు, అయినా గెలుస్తున్నారు. దాంతో నాలుగో భాగంలో ఆఖర్న చంపాల్సిన రాక్షసుణ్నే తీసేశాడు. ఇందులో శత్రువును గెలవడం కాదు, మనిషిగా ఎదగడం లక్ష్యం. నిజాయతీ, కరుణ, ధైర్యం, న్యాయం, త్యాగం, గౌరవం, ఆధ్యాత్మికత, వినయం. ఈ ఎనిమిదింటిలోనూ పరిపూర్ణుడైనవాడే అవతార్. ఆ భావన మన పురాణాల్లోంచి వెళ్లిందే. ఆధ్యాత్మికత గుడిలో కూర్చుని జపించాల్సిన మంత్రం కూడా 'ఓం'.

మొదట్లోనే బండిలో కూర్చున్న ఒక జోస్యగత్తె పేకముక్కలు పరిచి ప్రశ్నలు వేస్తుంది. ఒకరు నమ్మి అప్పగించిన డబ్బు సంచీ మోసుకెళ్తున్నావు, అందులో ఎంతుందో ఎవరూ లెక్కపెట్టలేదు. దారిలో బిచ్చగాడు చెయ్యి చాచాడు. ఒక నాణెం తీసి ఇస్తావా, సంచీని అలాగే చేరుస్తావా? రెండూ మంచే. ఒకదాన్ని వదులుకోవాలి. ఏడు ప్రశ్నలకు నువ్వు చెప్పిన జవాబులే నువ్వెవరో తేలుస్తాయి. వినయాన్నే పట్టుకున్నవాడు గొర్రెల కాపరి అవుతాడు. పాత్రలన్నిట్లో బలహీనుడు అతనే. అతని ప్రయాణం గర్వంతో నాశనమైన మెజింషియా నగరం దగ్గర మొదలవుతుంది.

ఇక మూలికల కొట్టు. మంత్రాలు కలపడానికి వెల్లుల్లి, జిన్సెంగ్, గంధకపు బూడిద, సాలీడు పట్టు లాంటివి ఎనిమిది దినుసులు కావాలి. అమ్మే ఆమెకు చూపు లేదు. ఎంతయిందో చెబుతుంది, ఎంత ఇస్తున్నావని అడుగుతుంది, నువ్వు అంకె కొట్టాలి. ముప్పై నాణేలు ఇవ్వాల్సిన చోట ఒకటి కొట్టినా సరుకు చేతికొస్తుంది. గంట మోగదు, భటులు రారు. ఎక్కడో లోపల మాత్రం నీ నిజాయతీ తగ్గిపోతుంది. ఆ లెక్క తెర మీద కనిపించదు. ఆ లోకపు రాజు లార్డ్ బ్రిటిష్ కోటలో హాక్‌విండ్ అనే ద్రష్ట ఉంటాడు. నా నిజాయతీ ఎలా ఉందని అడిగితే ఒక మాట చెబుతాడు, అంకె చెప్పడు.

ఆ కొట్టులో నిలబడినప్పుడల్లా నాకు మా ఊరి రైల్వే గేటు గుర్తొచ్చేది. అక్కడ చూపు లేని ముసలాయన వేరుశనక్కాయలు అమ్మేవాడు. గిద్దతో కొలిచి, పొట్లం కట్టి, చెయ్యి చాచేవాడు. నాణేలతో ఆయనకు చిక్కు లేదు. అయిదు పైసలది నలుపలకలు, పది పైసలకు అంచు చుట్టూ వంపులు, ఇరవై పైసలది ఆరు పలకలు. వేలితో తడిమితే తెలిసిపోయేది. నోటు ఇస్తేనే "ఎంతది బాబూ?" అని అడిగేవాడు. చెప్పింది నమ్మి, రూపాయిదైతే ఒక మడత, రెండు రూపాయలదైతే రెండు మడతలు పెట్టి రొంటిన దోపుకునేవాడు. మడతల్ని బట్టి సాయంత్రం లెక్క చూసుకునేవాడట.

మా అమ్మమ్మ ఆయనకు నోటు ఇచ్చే తీరే వేరు. "ఇది రెండు రూపాయల నోటు" అని గేటు దగ్గర ఆగిన రిక్షావాళ్లకూ సైకిళ్లవాళ్లకూ వినపడేలా అరిచి చెప్పేది. పక్కన నిలబడ్డ నాకు తల కొట్టేసినట్టుండేది. నిజాయతీపరులు ఇలా చాటింపు వేసుకోరని నా పిల్ల బుద్ధికి అనిపించేది. ఒకరోజు అడిగేశాను. "నలుగురూ విన్నారనుకో, ఆయన నన్ను నమ్మాల్సిన పని లేదురా. బెంగ లేకుండా చిల్లర ఇస్తాడు" అంది. ఎండలో అంత సేపు నిలబడి, ఆయన చిల్లర ఏరి ఇచ్చేదాకా కదిలేది కాదు. రైలు వెళ్లిపోయి గేటు తెరిచినా సరే.

ఇంతవరకూ రాసి, మంచితనం లెక్క దాచి ఉంచాలి, ఫ్రిజ్ మీద అతికించకూడదు అని తేల్చేద్దామనుకున్నాను. అమ్మమ్మ తేల్చనిచ్చేలా లేదు. ఆమె తన నిజాయతీని బజార్లో చాటింది, అదీ ఎదుటివాడి కోసం. ఇక అల్టిమా 4 లెక్క ఇప్పుడు ఎవరికీ రహస్యం కాదు. ఏ పనికి ఏ గుణం పెరుగుతుందో ఆటగాళ్లు ఎప్పుడో తేల్చేశారు. బిచ్చగాడికి ఒక్క నాణెం ఇచ్చినా కరుణ పెరుగుతుందని తెలుసుకుని మళ్లీ మళ్లీ ఇస్తూపోయేవాళ్లున్నారు. అన్నీ తెలిశాక కూడా ఆ గేమ్ మీద నాకు ఇష్టం తగ్గలేదు. కాబట్టి దాని ఆకర్షణ దాపరికంలో లేదు.

అందులో ప్రతి మంచి పనికీ చెల్లించాల్సింది ఉంటుంది. వైద్యశాలలో రక్తం ఇస్తే త్యాగం పెరుగుతుంది, వంద హిట్ పాయింట్లు, అంటే అంత ప్రాణబలం, పోతుంది. కాసేపటికి దారిలో ఓర్క్‌లు ఎదురైతే ఆ వంద లేక చచ్చిపోవచ్చు. ఎలుకలు, పాములు పారిపోతుంటే వదిలేయడం న్యాయం. వాటిని చంపితే వచ్చే ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు పోతాయి. చూపు లేనామెకు సరైన ధర ఇస్తే మంచి కవచం కొనడానికి డబ్బు మిగలదు.      

చార్ట్ మీద నా అభ్యంతరం స్టార్లతో కాదని ఇప్పుడు అనిపిస్తోంది. స్టార్లు ఉండనివ్వండి. నలుగురికీ కనిపించనివ్వండి. పిజ్జా ఒక్కటి తీసేయండి. నానమ్మకు మందు ఇవ్వడానికి ఆ పిల్లవాడు క్రికెట్ మధ్యలో బ్యాట్ వదిలి వచ్చాడంటే అతను చెల్లించాల్సింది చెల్లించాడు. దానికి తిరిగి కూలి ఇస్తే ఆ చెల్లింపు రద్దయిపోతుంది. మేనకోడలికి ఈ మాటే చెప్పాను. ఆలోచిస్తానంది.

అల్టిమా 4 ఇప్పుడు గాగ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, పాత లాప్‌టాప్ మీదా నడుస్తుంది. పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, ఊళ్లో వాళ్లు చెప్పే మాటలన్నీ మీరే రాసుకోవాలి. గైడ్లు చదవకుండా మొదలుపెట్టండి. మూలికల కొట్టుకు వెళ్లినప్పుడు సరైన ధర ఇవ్వండి.