కృత్తికలలోని మెరపు తారలు: నిలిచిన లెక్క, నిలువని సిద్ధాంతం

ఖమ్మం దాటి భద్రాచలం వైపు పోయే దారిలో, అడవి అంచున, మార్గశిర మాసంలో చంద్రుడు లేని రాత్రి తల యెత్తి చూస్తే కృత్తికలు నడినెత్తిన చిన్న గుత్తివలె కనబడతాయి. మామూలు కంటికి అవి ఆరు. చూపు చురుకైన విద్యార్థి ఏడో, ఎనిమిదో లెక్కిస్తాడు. పాల్వంచ, మణుగూరు దీపాల వెలుగు సోకిన చోట ఆ లెక్క తగ్గుతుంది. కాని దూరదర్శినితో పరిశీలించినవారు ఈ గుచ్ఛంలో వేయికి పైగా నక్షత్రాలున్నవని తేల్చారు. ఇవి మనకు సుమారు 440 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నవి. వీటి వయస్సు 10 నుండి 13 కోట్ల సంవత్సరాలు. 460 కోట్ల సంవత్సరాల వయస్సు గల మన సూర్యునితో పోల్చితే ఇవి పసిబిడ్డలు.

ఈ పసినక్షత్రాలలో మెరపు తారలను కనుగొన్న కథను పిల్లలకు చెప్పేటప్పుడు మనము సాధారణంగా శాస్త్రజ్ఞుల పేర్లూ, సంవత్సరాలూ చెప్పి ఊరుకుంటాము. నిజానికి అందులో రెండు వేరువేరు సంగతులున్నవి. ఒకటి లెక్క. రెండవది ఆ లెక్కకు తోడుగా వచ్చిన సిద్ధాంతం. మొదటిది నిలిచింది, రెండవది నిలువలేదు. ఒకే శాస్త్రజ్ఞుడు చెప్పిన రెండు మాటలలో ఒకటి నిలిచి, మరొకటి ఎందుకు పడిపోయినదో విచారించడమే ఈ వ్యాసోద్దేశం.

మెరపు తార అనగా ఏమి? మసకగా, ఎర్రగా ఉండే చిన్న నక్షత్రం అకస్మాత్తుగా కొన్ని సెకన్లలోనో నిమిషాలలోనో ప్రకాశించి, మరికొంత సేపటికి యథాస్థితికి వస్తుంది. ఆంగ్లంలో దీనిని ఫ్లేర్ స్టార్ అంటారు. కొందరు జ్వాలా నక్షత్రమని తెలిగించారు గాని, ఇక్కడ మండేది ఏదీ లేదు. నక్షత్రం పేలిపోవడమూ లేదు. కావున మెరపు తార అన్న మాటే మేలు. వీటిలో ప్రసిద్ధమైన యు.వి. సీటీ అనే తార 1952లో 20 సెకన్లలో 75 రెట్లు ప్రకాశించింది.

అటువంటి తారలు మొదట సూర్యునికి సమీపంలోనే దొరికినవి. 1953లో హారో, మోర్గన్ అనువారు మృగవ్యాధ మండలపు నీహారికలో వేగంగా మారే తారలను ప్రకటించారు. 1958లో జాన్సన్, మిచెల్ అనువారు కృత్తికలలో ఒక తార మెరయడం గమనించారు. తరువాత మెక్సికోలోని టొనాంట్‌సింట్లాలో హారో బృందమూ, ఆర్మీనియాలోని బ్యురకాన్ మొదలైన వేధశాలలవారూ గట్టి అన్వేషణ సాగించారు. వారి పద్ధతి చక్కనిది. ఒకే ఫోటో పలకపై కొన్నేసి నిమిషాల చొప్పున వరుసగా చిత్రాలు తీస్తూ, ప్రతిసారీ దూరదర్శినిని కొద్దిగా జరుపుతారు. ప్రతి నక్షత్రమూ చుక్కల వరుసగా పడుతుంది. ఆ వరుసలో ఒక చుక్క మాత్రం లావుగా ఉంటే, ఆ సమయంలో అది మెరసినదన్నమాట. ఇట్లు కాలక్రమంలో కృత్తికలలో ఐదు వందలకు పైగా మెరపు తారలు లెక్కకు వచ్చాయి.

అయితే చూచినవారికి చిక్కనివి ఎన్ని? ఈ ప్రశ్నకు సోవియట్ ఖగోళజ్ఞుడు అంబర్ట్సుమియన్ 1969లో జవాబు చెప్పాడు. దానిని మన అడవి భాషలో చెప్పుకుందాము. కిన్నెరసాని అడవిలోని ఒక నీటిగుంట వద్ద కాపు కాచి, వచ్చిన దుప్పులను గుర్తుపట్టి వ్రాసుకున్నామనుకోండి. ఒక్కసారే కనబడినవి 12, రెండుసార్లు కనబడినవి 4. ఒక్కసారి కనబడినవాటి సంఖ్యను దానితోనే గుణించి, రెండుసార్లు కనబడినవాటి సంఖ్యకు రెట్టింపుతో భాగించాలి. 144ను 8తో భాగిస్తే 18. అనగా అసలు కనబడకుండా పోయినవి సుమారు 18. దుప్పులకు బదులు తారలను, గుంటకు రావడానికి బదులు మెరయడాన్ని ఉంచితే అంబర్ట్సుమియన్ సూత్రమే. ఈ విధంగా చూచినప్పుడు కృత్తికలలోని మసక తారలన్నీ, లేదా దాదాపు అన్నీ, మెరసేవే అని ఆయన తేల్చాడు.

ఈ లెక్కలో లోపం లేదా? ఉన్నది. అన్ని తారలూ సమానంగా మెరుస్తాయని సూత్రం భావిస్తుంది. నిజానికి కొన్ని తరచుగా, కొన్ని అరుదుగా మెరుస్తాయి. ఐనను ఈ లోపం ఒక వైపుకే లాగుతుంది. తేడాలు ఉన్నప్పుడు సూత్రమిచ్చే సంఖ్య అసలు సంఖ్యకంటె తక్కువే అవుతుంది. కావున దానిని కనీసపు లెక్కగా గ్రహించాలి. ఇక పది నిమిషాల చిత్రంలో ఒక నిమిషపు మెరపు పలుచబడిపోతుంది. గుచ్ఛానికి చెందక దారిలో అడ్డువచ్చిన తారలు కూడ జాబితాలో చేరవచ్చు. వాటిని ఆకాశంలోని వాటి కదలికనుబట్టి ఏరివేయాలి. ఈ జాగ్రత్తలతో లెక్క నిలుస్తుంది. 1984లో తైవాన్ గణాంకజ్ఞురాలు ఆన్ చావో ఇదే రూపం గల సూత్రాన్ని స్వతంత్రంగా ప్రతిపాదించింది. నేడు అడవులలో జీవజాతుల సంఖ్యను అంచనా వేసేవారు దానిని వాడుతున్నారు.

సిద్ధాంతం సంగతి వేరు. నక్షత్రగర్భంలో మిగిలిపోయిన, మనకు తెలియని సాంద్రపదార్థం పైకి వచ్చి మెరపుకు శక్తినిస్తున్నదని అంబర్ట్సుమియన్ తలచాడు. లెక్క ఎంత సరియైనదైనా ఈ ఊహను ఋజువు చేయదు. ఎన్ని తారలు మెరుస్తున్నవో చెప్పేది ఎందుకు మెరుస్తున్నవో చెప్పజాలదు. జవాబు మరొక దారిన వచ్చింది. హైదరాబాదులో పెరిగి నిజాం కళాశాలలో చదివిన వైణు బప్పు, విల్సన్‌తో కలిసి 1957లో నక్షత్రాల కాల్షియం వర్ణరేఖలోని వెలుగు వెడల్పుకూ, నక్షత్రపు నిజకాంతికీ గల సంబంధాన్ని ప్రకటించాడు. ఆ వెలుగు తీవ్రత నక్షత్రపు అయస్కాంత చర్యకు గుర్తు. 1972లో స్కుమానిచ్ కృత్తికలు మొదలుకొని సూర్యుని వరకు పోల్చి, వయస్సు పెరిగినకొలది ఈ వెలుగూ, నక్షత్రపు ఆత్మభ్రమణ వేగమూ తగ్గుతాయని చూపాడు. వడిగా తిరిగే పసినక్షత్రాలలో అయస్కాంత క్షేత్రాలు పెనవేసుకొని, తెగి, మరల కలియునపుడు వెలువడే శక్తియే మెరపు. సూర్యునిపై 1859లో కారింగ్టన్ చూచినదీ ఆ జాతిదే. 2015లో కెప్లర్ వ్యోమనౌక సుమారు 70 రోజులు ఎడతెగక కృత్తికలను చూచింది. వయస్సుతోపాటు మెరపులు తగ్గుతాయన్న మాటను ఆ పరిశీలనలు బలపరచాయి.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే పరీక్షించవచ్చు. నూరు చింతగింజలపై అంకెలు వేసి సంచిలో ఉంచండి. ఎన్ని ఉన్నవో పిల్లలకు చెప్పవద్దు. ఒక్కొక్క గింజను తీసి, అంకె వ్రాసుకొని, మరల సంచిలో వేస్తూ 50 సార్లు చేయించండి. ఒక్కసారి వచ్చినవి సుమారు 30, రెండుసార్లు వచ్చినవి ఏడో ఎనిమిదో ఉంటాయి. సూత్రం చెప్పే చిక్కని గింజలు సుమారు 60. సంచి విప్పి సరిచూడండి. తరువాత కొన్ని అంకెలను రెండేసి గింజలపై వ్రాసి మరల ఆడించి, లెక్క ఎటు తప్పుతున్నదో పిల్లలచేతనే చెప్పించండి. చింతగింజలు ఎన్ని ఉన్నవో ఆ ఆట చెబుతుంది. అవి ఏ చెట్టువో చెప్పదు. ఆ తేడా గ్రహించిన విద్యార్థి రేపు ఏ శాస్త్రవార్త చదివినా, ఇందులో లెక్క ఎంత, ఊహ ఎంత అని అడుగుతాడు.