వాన అందరిది, బోరు ఎవరిది? సి.హెచ్. హనుమంతరావు ఆర్థిక చింతన – ఒక పరిశీలన

మదనపల్లె, పుంగనూరు, కుప్పం సీమకు జీవనది లేదు. వాన కురిస్తే చెరువు, చెరువు నిండితే బావి, ఇప్పుడు బోరు. ఆచార్య సి.హెచ్. హనుమంతరావు కృషిని తూచడానికి ఈ మెట్టనేలే తగిన చోటు.

1929లో కరీంనగర్ జిల్లాలో జన్మించిన ఆయన ఢిల్లీలో ఆచార్యులుగా, 1982-86 మధ్య ప్రణాళికాసంఘ సభ్యులుగా పనిచేశారు. ఆయన పరిశోధనకు మూలప్రశ్న ఒక్కటే: సాంకేతిక ప్రగతి ఫలం ఎవరికి దక్కుతోంది? 1975 నాటి గ్రంథంలో మేలురకం విత్తనాన్నీ ట్రాక్టరునూ విడదీసి చూశారు. విత్తనం చిన్న కమతానికీ పనికివస్తుంది. ట్రాక్టరు పెద్ద కమతం వైపు మొగ్గుతుంది. ఈ విచక్షణే ఆ గ్రంథానికి ప్రాణం.

కరవు పీడిత ప్రాంతాల పథకంపై ఆయన అధ్యక్షతన సంఘం 1994లో నివేదిక ఇచ్చింది. తత్ఫలితంగా 1995 నుండి సుమారు 500 హెక్టార్ల వాటర్‌షెడ్ ప్రమాణమై, పనులు గ్రామ కమిటీల చేతికి వచ్చాయి. శాఖల పెత్తనానికి అలవాటుపడిన దేశంలో ఇది చిన్న మార్పు కాదు.

లోపం మరోచోట ఉంది. చెక్‌డ్యాం ఆపిన వాన ఊరందరిది. నేలలోకి ఇంకగానే అది బోరున్నవారి సొత్తు. వారు టమాటా వేస్తారు. వాననే నమ్మి వేరుశనగ విత్తిన రైతుకు మిగిలేది కాస్త పదును. భూమి లేనివారికి మార్గదర్శకాలు స్వయంసహాయక బృందాలను చూపాయి గాని, భూగర్భజలంలో వాటా చూపలేదు. ట్రాక్టరుకు వేసిన ప్రశ్న బోరుకు వేయవలసింది. రాష్ట్రంలో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం సైతం బోరు తవ్వకాన్ని అదుపు చేయజూసింది; పైకొచ్చిన నీటి పంపకం జోలికి పోలేదు.