సగం ముక్క సెలైన్‌లో

పాథాలజిస్టుగా నా బల్ల మీదికి వచ్చే కంటి ముక్కలు చాలా చిన్నవి. కార్నియా మార్పిడిలో తీసిన పాడైన పొర బొట్టుబిళ్లంత. బయాప్సీ అయితే ఆవగింజంత. ఒక మనిషి చూపు ఆ కాస్త దాని మీద ఆధారపడి ఉంటుంది.

శుక్లాల ఆపరేషన్ అయిన నాలుగైదు రోజుల్లోనే కంట్లో చీము పడితే సాధారణంగా బ్యాక్టీరియా పని. ఫంగస్ తీరిగ్గా వస్తుంది. వారాలు గడిచాక, కోసిన చోట తెల్లటి మచ్చగా మొదలవుతుంది. వాపు తగ్గడానికి వేసే స్టెరాయిడ్ చుక్కలు ఎరుపును అణచిపెట్టి, దాన్ని లోపల పెరగనిస్తాయి. పైపైన గీకి తీస్తే ఒక్కోసారి ఏమీ దొరకదు. అప్పుడు ముక్కే కావాలి.

ముక్కను మైనంలో బిగించి, మిల్లీమీటరులో 200వ వంతు మందాన కోస్తాం. మామూలు గులాబీ, ఊదా రంగుల్లో ఫంగస్ పోగులు కంటికి ఆనకపోవచ్చు. అందుకే వెండి ద్రావణం. ఫంగస్ గోడకు వెండి పట్టి నల్లబడుతుంది. స్లైడును ఆ వేడి ద్రావణంలో ఎంతసేపు ఉంచాలో గడియారం చూసి చెప్పలేం. ముందే తీస్తే పోగులు వెలవెలబోతాయి, ఆలస్యమైతే అంతా మసి. ఫంగస్ ఉందని తెలిసిన మరో స్లైడును పక్కనే ఉంచి, అది ముదురు గోధుమ రంగుకు తిరిగేదాకా తీసి తీసి చూస్తాను. లేతాకుపచ్చ మీద నల్లటి పోగులు కొమ్మలుగా చీలుతూ కనబడగానే సర్జన్‌కు ఫోన్ చేస్తాను. రిపోర్టు టైపయ్యేదాకా ఆగను.

అయితే అవి ఆస్పర్‌జిల్లస్ పోగులా, ఫ్యుజేరియం పోగులా అన్నది స్లైడు మీద తేల్చలేను. రెండూ ఒకేలా ఉంటాయి. మందులు మాత్రం రెంటిమీదా ఒకేలా పనిచేయవు. అరవింద్ కంటి ఆస్పత్రుల్లో కార్నియా పుండ్ల మీద జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో, ముఖ్యంగా ఫ్యుజేరియం రోగులకు వొరికొనజోల్ కన్నా నాటమైసిన్ చుక్కలే మేలని తేలింది. పేరు తెలియాలంటే ఫంగస్‌ను ల్యాబ్‌లో పెంచాలి. ఫార్మలిన్‌లో పడ్డది ఇక పెరగదు.

కొన్నేళ్ల కిందట ఒక పెద్దావిడ ముక్క మొత్తం ఫార్మలిన్‌లోనే వచ్చింది. పోగులు స్పష్టంగా కనిపించాయి. పేరు చెప్పలేకపోయాను. పెంచడానికి ఇంకేమీ మిగల్లేదు. ఆ స్లైడు ఇప్పటికీ నా సొరుగులో ఉంది.

సర్జన్లకు నా మనవి. ముక్కను థియేటర్‌లోనే రెండుగా కోయండి. ఒక సగాన్ని స్టెరైల్ సెలైన్‌లో మైక్రోబయాలజీకి, రెండో సగాన్ని ఫార్మలిన్‌లో మాకు పంపండి. ఫారం మీద ‘ఫంగస్ అనుమానం’ అని తప్పకుండా రాయండి.