వేషం కట్టిన యంత్రం

నీలం తెర మీద పసుప్పచ్చ అక్షరాలు. మన దగ్గర ఇంజినీరింగ్, డిప్లొమా, ఎంసీఏ చదివి తొలిసారి సీ ప్రోగ్రాం రాసినవాళ్లలో చాలామందికి ఆ తెర అక్షరాభ్యాసం నాటి పలక లాంటిది. బోర్లాండ్ వాళ్ల టర్బో సీ అది. కంట్రోల్, ఎఫ్9 కలిపి నొక్కితే ప్రోగ్రాం నడిచేది. జవాబు కంటికి ఆనకుండా మెరిసి మాయమైతే ఆల్ట్, ఎఫ్5 నొక్కి మళ్లీ చూసుకునేవాళ్లం. అది 1990ల మొదట్లోని సాఫ్ట్‌వేర్, డాస్ కాలపుది. కాలేజీ ల్యాబుల్లో మాత్రం ఆ తర్వాత ఇరవై ఏళ్లు గడిచినా కదల్లేదు.

64 బిట్ల విండోస్ వచ్చాక 16 బిట్ల ప్రోగ్రాములకు తలుపులు మూసుకుపోయాయి. టర్బో సీ తెరవబోతే, ఇది ఈ కంప్యూటర్‌లో నడవదని విండోస్ తెగేసి చెప్పేది. అప్పుడు దాన్ని నిలబెట్టింది డాస్‌బాక్స్. 2002లో వచ్చిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ కొత్త కంప్యూటర్ లోపల ఒక పాత పీసీని కట్టి చూపిస్తుంది. ప్రాసెసరు, మెమరీ, కీబోర్డు, సౌండ్ కార్డు, అన్నీ సాఫ్ట్‌వేర్‌తో అల్లినవే. ఐకాన్ మీద నొక్కి నీలం తెర తెచ్చుకున్న పిల్లల్లో చాలామందికి తాము వాడుతున్నది ఇలా పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్ అని తెలియదు. తెలియకుండా ఉండటమే దాని పనితనం.

నా చేత్తో నేను మొదటిసారి డాస్‌బాక్స్‌లో టర్బో సీ పెట్టుకున్న రోజు బాగా గుర్తు. గంటసేపు రాసిన ప్రోగ్రాం. అలవాటు కొద్దీ కంట్రోల్, ఎఫ్9 నొక్కాను. కిటికీ మొత్తం మాయమైంది. టర్బో సీకి ఆ మీటల జంట ‘నడుపు’ అని అర్థం. డాస్‌బాక్స్‌కి ‘మూసేయ్’ అని అర్థం. నా వేళ్లు చెప్పిన మాట లోపలి యంత్రానికి చేరకముందే బయటిది అందుకుంది. ఒక యంత్రం కడుపులో ఇంకో యంత్రం ఉందన్న సంగతి నాకు పుస్తకం చదివి ఒంటబట్టలేదు, ఆ పోయిన గంట పనితో ఒంటబట్టింది.

కొన్నేళ్ల తర్వాత, నేను పాఠం చెప్పే ల్యాబులో ఒక అమ్మాయి లేచి అడిగింది. “సార్, 32767కి ఒకటి కలిపితే ఇక్కడ మైనస్ 32768 వస్తోంది. ఇంట్లో లాప్‌టాప్‌లో 32768 అనే వస్తోంది. ఇక్కడి సిస్టం పాడైందా సార్?” ఏమీ పాడవలేదు. టర్బో సీలో పూర్ణాంకాన్ని ఉంచే ఇంట్ అంటే 16 బిట్లు, అంటే 16 గళ్లు. ఆ అంకెకు పట్టేంత చోటు అయిపోయాక ఇంకొకటి కలిపితే గుర్తు తిరగబడి మైనస్‌లో పడుతుంది. కింద ఉన్న అసలు ప్రాసెసరుకు 64 గళ్లున్నాయి, సరైన కూడిక దానికి చిటికెలో పని. అయినా డాస్‌బాక్స్ పై గళ్ల జోలికి పోలేదు. పాత యంత్రం ఎక్కడ తిరగబడేదో తానూ అక్కడే తిరగబడి చూపించింది. ఆ పిల్లకు బోర్డు మీద గళ్లు గీసి జవాబు చెప్పాను గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ వేసవి సెలవుల్లోనే నా మొదటి ఎమ్యులేటర్ రాయడానికి కూర్చున్నాను.

మన పగటివేషగాళ్లను తలుచుకోండి. నాటకానికి తెర ఉంటుంది, దీపాలుంటాయి, చూసేవాళ్లకూ ఆడేవాళ్లకూ మధ్య ఎడం ఉంటుంది. పగటివేషానికి అవేవీ లేవు. పట్టపగలు, నడివీధిలో, గుమ్మం ముందు నిలబడి ఆడాలి. ఇంటాయన అడ్డప్రశ్న వేస్తే వేషంలోనే ఉండి బదులివ్వాలి. ఎమ్యులేటర్ ముందు నిలబడి అలా ప్రశ్నలు వేసేది పాత ప్రోగ్రాం. ఈ చిరునామాలో ఏముంది? ఈ కూడికలో క్యారీ మిగిలిందా? గడియారం ఎన్నిసార్లు కొట్టింది? పాత యంత్రం ఏం చెప్పేదో అదే చెప్పాలి. ఒక్క జవాబు తేడా వస్తే ప్రోగ్రాం ఆగిపోతుంది. ఆగకుండా తప్పుదారిలో సాగిపోవడం అంతకన్నా ప్రమాదం.

ఈ విద్యలో దిగేవాళ్లు చాలావరకు చిప్-8తో మొదలుపెడతారు. నేనూ అంతే. 1970ల్లో ఆర్‌సీఏ కంపెనీ ఇంజినీరు జోసెఫ్ వైస్‌బెకర్, కాస్మాక్ వీఐపీ అనే చిన్న కంప్యూటర్ మీద ఆటలు రాసుకోవడానికి తయారుచేసిన భాష అది. 4,096 బైట్ల మెమరీ, 16 రిజిస్టర్లు, అడ్డంగా 64 చుక్కలూ నిలువుగా 32 చుక్కలూ ఉన్న తెర, ఇంచుమించు 35 ఆదేశాలు. మొత్తం వ్యవస్థ ఒక మనిషి తలలో పడుతుంది. మెమరీలోంచి రెండు బైట్లు తీసుకోవాలి, అది ఏ ఆదేశమో పోల్చుకోవాలి, అది చెప్పినట్టు చేయాలి, తర్వాతి రెండు బైట్లకు పోవాలి. ఎంత పెద్ద ఎమ్యులేటర్‌కైనా మూలం ఈ చక్రమే.

పది రోజుల్లో నా తెర మీద చుక్కలు కదిలాయి. ఆ తర్వాత నెల రోజులు ఒక్క ఆదేశం దగ్గర ఆగిపోయాను. బిట్లను ఒక గడి పక్కకు జరిపే ఆదేశం అది. కొన్ని ఆటలు చక్కగా ఆడుతున్నాయి, కొన్నింట్లో బొమ్మలు చెల్లాచెదురు. నా కోడ్ ఎన్నిసార్లు చూసినా తప్పు దొరకలేదు. అసలు సంగతి చరిత్రలో ఉంది. మొదటి చిప్-8లో ఈ ఆదేశం ఒక రిజిస్టర్ విలువను తీసుకుని, జరిపి, ఇంకో రిజిస్టర్‌లో పెట్టేది. 1990లో హెచ్‌పీ-48 కాలిక్యులేటర్ల కోసం దీన్ని తిరగరాసినప్పుడు, ఉన్న రిజిస్టర్‌నే జరిపేట్టు మారిపోయింది. పాత ఆటలు పాత పద్ధతిని నమ్ముకున్నాయి, తర్వాతి ఆటలు కొత్తదాన్ని. ఎవరిది సరైన పద్ధతి అని తీర్పు చెప్పే హక్కు ఎమ్యులేటర్ రాసేవాడికి లేదు. రెండూ నేర్చుకోవాలి, ఏ ఆట ముందు ఏ వేషమో తెలుసుకోవాలి. అన్నేళ్లుగా ప్రోగ్రాములు రాస్తున్నా, ఎదుటివాడు రాసిన దాన్ని దిద్దకుండా చదవడం నాకు అలవడింది అప్పుడే.

వేగం సంగతీ ఇలాంటిదే. టర్బో పాస్కల్‌లో చేసిన ఎన్నో ప్రోగ్రాములు మొదలవగానే, గడియారం ఒక్కసారి కొట్టేలోపు ఈ యంత్రం ఎన్ని చుట్లు తిరగగలదో లెక్కపెట్టుకునేవి. ఆ లెక్కను 55తో భాగించేవి. 200 మెగాహెర్ట్జ్ దాటిన పెంటియంలు వచ్చేసరికి లెక్క ఎంత పెద్దదయిందంటే, భాగఫలం 16 గళ్లలో పట్టక ప్రోగ్రాం ‘రన్‌టైమ్ ఎర్రర్ 200’ అని పడిపోయేది. ప్రోగ్రాంలో అక్షరం మారలేదు, దాని కింద నేల మారింది. అందుకే డాస్‌బాక్స్‌లో వేగాన్ని తగ్గించే మీట ఉంది. ఇంత శక్తి ఉన్న యంత్రం తనను తాను బిగబట్టుకుని నెమ్మదిగా నడవాలి.

ఇదంతా ఆటల పిచ్చి అనుకునేవాళ్లున్నారు. దీని పుట్టుక మాత్రం జమాఖర్చుల దగ్గర. 1964 ఏప్రిల్ 7న ఐబీఎం సిస్టం/360ని ప్రకటించింది. అప్పటికే కంపెనీల జీతాల పట్టీలు, బిల్లులు 1401 యంత్రాల మీద నడుస్తున్నాయి. అవన్నీ తిరగరాయమంటే ఖాతాదారులు పోటీ కంపెనీ హనీవెల్ వైపు పోతారు. కాబట్టి కొత్త యంత్రంలోనే 1401 వేషం పెట్టి ఇచ్చారు. ఎమ్యులేటర్ అనే మాట ఈ అర్థంలో పుట్టింది అప్పుడే, ఐబీఎంలోనే.

పాత సాఫ్ట్‌వేర్‌ను ఎందుకు మోయాలో ఇంగ్లండ్ అనుభవం చెబుతుంది. అక్కడ 1086లో విలియం రాజు దేశంలో చాలాభాగం సర్వే చేయించి రాయించిన డూమ్స్‌డే పుస్తకం ఉంది. దానికి 900 ఏళ్లు నిండిన సందర్భంగా 1986లో బీబీసీ, పది లక్షల మందికి పైగా జనం చేయి వేయగా, ఊరూరి వివరాలు సేకరించి లేజర్ డిస్కుల్లో పెట్టింది. అవి నడవాలంటే బీబీసీ మైక్రో కుటుంబపు కంప్యూటర్, దానికో ప్రత్యేకమైన ప్లేయర్ కావాలి. పదిహేనేళ్లు తిరిగేసరికి పనిచేసే ప్లేయర్లే అరుదైపోయాయి. చివరికి లీడ్స్, మిచిగాన్ విశ్వవిద్యాలయాల వాళ్లు ఎమ్యులేటర్ రాసి వాటిని మళ్లీ తెరిచారు. తోలు మీద సిరాతో రాసిన తొలి పుస్తకాన్ని లాటిన్ వచ్చినవాళ్లు ఈనాటికీ చదవగలరు.

మన పరిస్థితి ఇంకా దిగులు పుట్టిస్తుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది. మన ప్రెస్సులు, పత్రికలు, డీటీపీ సెంటర్లు మాత్రం ఆ తర్వాత చాలా ఏళ్లు పేజీలు పేర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ మీద, ఒక్కో కంపెనీ ఒక్కోలా అమర్చిన ఫాంట్ల మీద నడిచాయి. ఇంగ్లిష్ అక్షరాల గళ్లలో తెలుగు ముక్కలు పెట్టిన ఫాంట్లవి. ఫాంటు పోతే మిగిలేది పిచ్చి ఇంగ్లిష్ అక్షరాల గుట్ట. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి, వాటితో మాటలు తిరిగొస్తాయి. పేజీ తిరిగి రాదు.

రెండేళ్ల కిందట, ఒకప్పుడు చిన్న సాహిత్య పత్రిక నడిపిన పెద్దాయన అట్టపెట్టెలో 41 ఫ్లాపీలు తెచ్చారు. “బాబూ, ఇందులో నా పత్రిక ఉంది, తీయగలవా?” అన్నారు. బూజు పట్టిన వాటిని డ్రైవులో పెట్టలేదు. పెడితే డ్రైవు తల పాడై మిగతావాటినీ గీరేస్తుంది. తక్కినవాటికి ఒక్కోదానికి పూర్తి నకలు తీశాను, 2,880 సెక్టార్లూ వరస తప్పకుండా. ఆ తర్వాత 86బాక్స్ అనే ఎమ్యులేటర్‌లో ఒక పెంటియం కంప్యూటర్ కట్టి, విండోస్ 98 ఎక్కించి, పేజ్‌మేకర్ 6.5 పెట్టి, ఆయన దాచుకున్న సీడీలోంచి ఫాంట్లు వేశాను. మూడో సాయంత్రానికి ఒక సంచిక మొదటి పేజీ తెర మీద విచ్చుకుంది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత సంపాదకీయం రెండో కాలమ్ మీద వేలు పెట్టి, “ఇదిగో, ఈ దీర్ఘం. అచ్చుకు పోయాక చూసుకున్నాను. అలాగే ఉంది” అన్నారు. మారుస్తారా అని అడిగితే వద్దన్నారు. 41లో 29 దక్కాయి.

మీ ఇంట్లోనో ప్రెస్సులోనో ఇలాంటి ఫ్లాపీలు, సీడీలు, పాత హార్డ్ డిస్కులు ఉంటే పాతసామాన్ల వాళ్లకు వేయకండి. తెరిచి చూసే ముందే తెలిసినవాళ్లతో పూర్తి నకలు తీయించండి. ఫాంటు ఫైళ్లను, వాటి ఇన్‌స్టలేషన్ సీడీలను పక్కనే ఉంచండి. ప్రింటర్ పోర్టుకు తగిలించే తాళం లాంటిది కనిపిస్తే అది కూడా దాచండి. ఏ ఫాంటుతో, పేజ్‌మేకర్ ఏ వెర్షన్‌లో చేశారో ఒక కాగితం మీద రాసి పెట్టెలో పెట్టండి. ఆ సంగతులు గుర్తున్న డీటీపీ ఆపరేటర్ ఎవరైనా మీకు తెలిస్తే, ఈ వారంలోనే ఫోన్ చేసి అడగండి.