ఎగ్మూరు దస్త్రశాల - తెలుగువారి చరిత్ర: ఒక విమర్శ

చెన్నపట్టణమున ఎగ్మూరు రైలు నిలయమునకు సమీపమున ఎఱ్ఱని ఇటుకలతో కట్టిన విశాలమైన భవనమొకటి కలదు. దాని నిర్మాణము 1909వ సంవత్సరమున ముగిసినది. మన పెద్దలు దానిని మదరాసు రికార్డు ఆఫీసనిరి. 1973 నుండి అది తమిళనాడు పురాభిలేఖాలయమను పేర వ్యవహరింపబడుచున్నది. ఆ దారిన పోవు మనవారు పెక్కురు. లోపలికి పోయి ఒక సంపుటము విప్పి చూచినవారు కొలదిమంది. తమిళదేశమునను, కన్నడదేశమునను, ఉత్కళమునను తరతరములుగా స్థిరపడిన తెలుగువారి చరిత్రకు వలయు ఆధారములలో పెద్దభాగము ఆ గోడల నడుమ నున్నది. ఆ దస్త్రశాల యెందులకు పుట్టినది, దేనిని భద్రపఱచినది, దేనిని విడిచినది, దానిని మనమెట్లు చదువవలెను అను విషయములను విమర్శించుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము.

ఈ దస్త్రముల పుట్టుకలోనే తెలుగువారి ప్రసక్తి కలదు. 1639లో తూర్పుతీరమున ఒక చిన్న భూభాగమును ఇంగ్లీషు వర్తకులకు ఇచ్చినవాడు దామర్ల వేంకటప్ప నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరనే చెన్నపట్టణము వెలసినది. అచ్చట కోట కట్టుకొనిన కంపెనీవారికి తొలిదినములలో వర్తక వ్యవహారములు నడపిన బేరి తిమ్మన్న, కాశీ వీరన్నలు తెలుగువారే. 1672 మొదలుగా అచ్చయిన కోట దినచర్య సంపుటములలో, 1680లో వీరన్న మరణించువఱకు, ఆయన పేరు మాటిమాటికి కనబడును. ఇంగ్లీషువారు దానిని తమ నోటికి తగినట్లు మార్చి వ్రాసిరి. కావున దానిని గుర్తింపవలెనన్న చదువరికి తెలుగు చెవి యుండవలెను.

కంపెనీవారికి ఇంతగా వ్రాసియుంచు అలవాటు ఎట్లు కలిగినది? విద్యాభిమానము వలన కాదు. యజమానులు లండనున నుండిరి. నౌక పోయి వచ్చుటకు ఏడాదికి పైగా పట్టెడిది. దూరమున నున్న సేవకులను యజమానులు పూర్తిగా నమ్మలేదు. అందుచేత సభలో జరిగిన ప్రతి ఆలోచనను, కొన్న ప్రతి బట్టమూటను, చేసిన ప్రతి ఖర్చును సంపుటములలో వ్రాయించి, ఒక ప్రతిని లండనునకు పంపవలసి వచ్చెను. అపనమ్మకము కారణముగా పుట్టిన ఈ వ్రాతయే కాలక్రమమున చరిత్రకారునికి పెన్నిధి యైనది.

వర్తకులు పాలకులైన పిదప దస్త్రములు వేగముగా పెరిగినవి. 1786లో రెవెన్యూ బోర్డు ఏర్పడినది. ఆ తరువాత గంజాము మొదలు తిరునెల్వేలి వఱకు ఏ గ్రామమున శిస్తు బాకీపడినను, ఏ చెఱువునకు గండిపడినను, ఏ పాళెగాడు ఎదురు తిరిగినను, ఆ సమాచారము కలెక్టరు లేఖగా మదరాసు చేరెడిది. సచివాలయపు పత్రములను ఒకచోట కూర్చి కాపాడు ఏర్పాటు 1805 ప్రాంతమున, విలియం బెంటింకు గవర్నరుగా నున్న కాలమున మొదలైనది. 1860 ప్రాంతమున టాల్బాయ్స్ వీలరు పాత సంపుటములను పరిశీలించి, వాని ఆధారముననే ప్రాచీన మదరాసు చరిత్రను వ్రాసెను. అప్పటికిని వీనికి ప్రత్యేక గృహము లేదు. సముద్రపుగాలి తేమయు, చెదలును, పాత సిరా కాగితమును తినివేయు గుణమును కలిసి ఈ సంపుటములకు శత్రువులు. కోటలో చోటు చాలక తుదకు ఎగ్మూరున వేఱు భవనము కట్టవలసినదయ్యెను.

1911లో అధ్యక్షుడుగా వచ్చిన హెన్రీ డాడ్వెల్ కాలమున ఈ భవనము పత్రములు దాచు కొట్టు మాత్రముగా గాక విద్యాస్థానముగా కూడ రూపొందినది. కోట దినచర్యలు, లేఖలు వరుసగా అచ్చయినవి. పుదుచ్చేరి ద్విభాషి ఆనందరంగపిళ్ళె తమిళమున వ్రాసికొనిన దినచర్యకు ఆంగ్లానువాదము 1904 నుండి 1928 వఱకు పండ్రెండు సంపుటములుగా వెలువడగా, వానిలో నాల్గవది మొదలు డాడ్వెల్ సంపాదకత్వముననే వచ్చినవి. ఈ పిళ్ళెగారే కస్తూరి రంగకవిచే ఆనందరంగరాట్ఛందమను తెలుగు లక్షణగ్రంథమును అంకితము పొందిన ప్రభువు. ఫ్రెంచివారి పుదుచ్చేరిలో తమిళ ప్రభువు తెలుగు కవిని పోషించిన కాలమది. యానాము తెలుగువారికి ఈ సంపుటములు పరాయివి కావు.

దస్త్రముల ప్రక్కనే పెరిగిన గ్రంథాలయము మఱియొక సంపద. విశాఖపట్టణమునకు కార్మైకేలు వ్రాసిన 1869 నాటి మాన్యుఅలు, నెల్లూరునకు బాస్వెలు వ్రాసిన 1873 నాటిది, గంజామునకు మాల్ట్‌బీ వ్రాసిన 1882 నాటిది మొదలైన జిల్లా చరిత్రలు అట్టి గ్రంథాలయమున చదువదగినవి. 1930వ దశకమున మచిలీపట్టణము, గోదావరి, విశాఖపట్టణము, గంజాము మున్నగు జిల్లాల పాత దస్త్రములకు మార్గదర్శినులు ప్రకటింపబడినవి. అవి లేనిచో క్రొత్తగా వచ్చిన పరిశోధకుడు అడవిలో దారితప్పిన వానివలె నుండును.

ఇంతవఱకు చెప్పినది ఈ దస్త్రశాల గుణపక్షము. ఇక దోషపక్షమును విచారింపవలెను.

ఈ భవనము ప్రజలు తమ చరిత్రను తెలిసికొనుటకై కట్టినది కాదు; ప్రభుత్వము తన ఉత్తరువులను మఱచిపోకుండుటకై కట్టినది. భూమి తగవు వచ్చినప్పుడు పూర్వపు ఉత్తరువు ఏమని చూచుకొనుటయే దాని మొదటి ప్రయోజనము. ఆ కాలమున పరిశోధకునకు ప్రభుత్వానుమతి వలసియుండెను. భవనపు ఉద్దేశమెట్టిదో అందలి వ్రాతయు నట్టిదే. మన పూర్వులు ఆ సంపుటములలో శిస్తు చెల్లించువారుగనో, చెల్లింపనివారుగనో, అర్జీదారులుగనో, నేరస్థులుగనో మాత్రమే కనబడుదురు. వారు పాడిన పాట, చేసిన పెండ్లి, ఇంటిలో మాటలాడిన భాష ఆ దస్త్రములకు అక్కఱలేదు.

దీనికి పాంచాలంకుఱిచ్చి ప్రభువు వీరపాండ్య కట్టబొమ్మని కథయే నిదర్శనము. ఆయన తెలుగు మాటలాడు రాజకంబళ కులమువాడు. 1798లో కలెక్టరు జాక్సను ఆయనను పిలిపించి, ఊరూర త్రిప్పి, తుదకు రామనాథపురమున దర్శనమిచ్చెను. అచ్చట జరిగిన కలహమున ఒక ఇంగ్లీషు అధికారి మరణించెను. విచారణ సంఘము కలెక్టరు నడతనే తప్పుపట్టెను. అతడు పదవి నుండి తొలగింపబడెను. అయినను మఱుసటి యేడే, 1799 అక్టోబరున, మేజరు బానర్‌మన్ కట్టబొమ్మనిని కయత్తాఱున ఉరితీయించెను. ఈ వృత్తాంతమంతయు కంపెనీ సంపుటములలో దినముల వారీగా కలదు. కలెక్టరు తప్పును కూడ అవి దాచలేదు. ఇది దస్త్రమునకున్న గొప్పతనము. కాని కట్టబొమ్మని మాట మనకు చేరునది ఆయన శత్రువుల కలము ద్వారముననే. ఇది దస్త్రమునకున్న లోపము. ఈ రెంటిని ఏకకాలమున గుర్తుంచుకొననివాడు ఈ భవనమున అడుగుపెట్టినను ఫలములేదు.

అట్లయిన మనవారి సొంత మాట ఎక్కడ నున్నది? అది వేఱొక భవనమున నున్నది. కర్నలు కాలిన్ మెకంజీ దక్షిణదేశమును కొలుచుచు తిరిగిన కాలమున, ఏలూరు వాడైన కావలి వేంకట బొఱ్ఱయ్య ఆయనకు కుడిభుజముగా నుండెను. 1803లో బొఱ్ఱయ్య చిన్నతనముననే మరణింపగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని నడపెను. వారును వారి సహచరులును ఊరూర తిరిగి, కరణముల యిండ్లలోని దండకవిలెలను చూచి, వృద్ధులనడిగి, కైఫీయతులు వ్రాయించిరి. ఊరు ఎవరు కట్టించిరి, గుడికి ఎవరు మాన్యమిచ్చిరి, చెఱువు ఎవరు త్రవ్వించిరి అను విషయములు వానిలో ఊరివారి నోటనే వినబడును. 1821లో మెకంజీ కలకత్తాలో చనిపోయిన తరువాత దక్షిణదేశ భాషల వ్రాతలు మదరాసు చేరినవి. 1838 ప్రాంతమున విలియం టైలరు శిథిలమగుచున్న సంపుటములను పరిశీలించి కొన్నింటిని తిరిగి వ్రాయించెను. ఇవియు బ్రౌనుదొర కూర్చిన తాళపత్రములును ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమున చేరినవి. అది చిరకాలము చేపాకమున విశ్వవిద్యాలయ గ్రంథాలయ భవనమున నుండి, ఇటీవల కోట్టూరుపురమునకు తరలినది.

ఈ విధముగా ఒకే గ్రామపు చరిత్ర రెండు భవనముల పాలైనది. ప్రభుత్వము ఊరిని గూర్చి వ్రాసినది ఎగ్మూరున నుండగా, ఊరు తన్ను గూర్చి చెప్పుకొనినది మఱియొకచోట నున్నది. మొదటిదానికి దస్త్రమనియు, రెండవదానికి సాహిత్యమనియు పేరు పెట్టి వేఱుచేయుట మన చరిత్ర రచనకు కలిగిన పెద్ద నష్టమని నా అభిప్రాయము. కైఫీయతులు దోషరహితములని నేననుట లేదు. వానిలో రాజుల వరుస తాఱుమాఱగును. సంవత్సరములు శతాబ్దుల కొలది పొరపడును. దస్త్రమున తేదీ సరిగా నుండును, మనిషి యుండడు. కైఫీయతులో మనిషి యుండును. తేదీ నమ్మదగినది కాదు. ఒకదానితో నొకటి సరిచూచినప్పుడే చరిత్ర తేలును.

సరిచూచు మార్గమునకు ఒక ఉదాహరణము చెప్పెదను. 1858లో మదరాసు ప్రభుత్వము ఇనాం కమిషనును నియమించెను. మాన్యభూమి యెంత, ఇచ్చినవాడెవడు, ఎందులకిచ్చెను, అనుభవించువాడెవడు అను ప్రశ్నలకు గ్రామము వారీగా జవాబులు వ్రాయించి పట్టీలు తయారు చేసిరి. ఆ పట్టీలు ఎగ్మూరున కలవు. తంజావూరు సీమలో తెలుగు భాగవతమేళమునకు ప్రసిద్ధమైన మేలట్టూరును అచ్యుతప్ప నాయకుడు విప్రకుటుంబములకు దానమిచ్చెనని అచ్చటివారు తరతరములుగా చెప్పుకొందురు. ఇట్టి గాథ యున్న ప్రతి గ్రామమునకును ఇనాం పట్టీని, నాయకరాజుల శాసనములను, ఇంటి తాళపత్రములను ప్రక్కప్రక్కన నుంచి చూడవచ్చును. గాథ నిలిచిన దాని విలువ పెరుగును. నిలువనిచో నిజము తెలియును. రెండును లాభములే.

ఈ దస్త్రములు కూడ మనవలెనే చెదరినవి. రెండవ ప్రపంచ యుద్ధమున, 1942లో, బాంబుల భయముచే వీనిని చిత్తూరు మండలమునకు తరలించి కొంతకాలము తెలుగునేలపై దాచిరి. 1936లో గంజాము ఉత్కళమున చేరినది. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినది. బళ్ళారి మైసూరున కలిసినది. జిల్లా దస్త్రములలో పెక్కు హైదరాబాదు చేరి తార్నాకయందలి పురాభిలేఖాలయమున నిలిచినవి. 2014 తరువాత ఆ భవనము తెలంగాణ రాష్ట్రపు దయ్యెను. తంజావూరి సంగతియు గంజాము సంగతియు ఒకే సంపుటమున నుండుటచే, రెవెన్యూ బోర్డు కార్యవాహులను జిల్లాల వారీగా పంచుటకు వీలులేదు. అవి ఎగ్మూరుననే నిలిచినవి. కావున బరంపురపు తెలుగువాడైనను, బళ్ళారి తెలుగువాడైనను, తన ఊరి పాతకథకై నేటికిని చెన్నపట్టణము రావలసియున్నది. రాష్ట్రములు విడిపోయినను ఆ సంపుటముల కుట్టు విడిపోలేదు.

తుదకు మనలను గూర్చి ఒక మాట. మన సంచికలలో వెలువడు కులచరిత్రలు, వలసకథలు తఱచుగా కృష్ణదేవరాయలతో మొదలై నాయకరాజులతో ముగియును. నడుమ మున్నూఱేండ్ల కాలమున మనవారు ఎట్లు బ్రతికిరో ఒక్క పంక్తియు నుండదు. ఆధారములు లేక కాదు; వెదకక. ప్రభుత్వము మన చరిత్రను వ్రాయలేదని నిందించుట సులభము. ప్రభుత్వము తన అవసరమునకు దాచిన దానినైనను మనము చదువలేదు. అంతకంటె విచారకరమగునది మఱియొకటి కలదు. ఎగ్మూరున మనవారిని గూర్చి యితరులు వ్రాసిన కాగితములు పదిలముగా నుండగా, మనవారు స్వయముగా వ్రాసిన దానపత్రములు, లెక్కల కట్టలు, జాబులు మన యిండ్ల అటకలపై చెదలపాలగుచున్నవి. తమిళదేశమున పెరిగిన మన పిల్లలలో పెక్కురు తెలుగు మాటలాడుదురు గాని చదువలేరు. చదువలేని కాగితమును ఇల్లు మాఱునప్పుడు చిత్తుతో పాఱవేయుట సహజము.

కావున సంఘములు చేయదగిన పనులు మూడు కలవు. మొదటిది, ప్రతి పట్టణమున ఇండ్లలోని పాత తెలుగు వ్రాతలకు పట్టిక తయారు చేయుట. కాగితము యజమాని యొద్దనే యుండవచ్చును, దాని ఛాయాచిత్రము మాత్రము సంఘమున నుండవలెను. రెండవది, గొలుసుకట్టు వ్రాతను చదువనేర్చిన వృద్ధుల యొద్ద ఇద్దఱు ముగ్గురు యువకులకైనను ఆ విద్యను నేర్పించుట. ఈ పనికి గడువు తక్కువ, ఆ వృద్ధులు ఏటేట తఱుగుచున్నారు. మూడవది, ఎగ్మూరు దస్త్రములలో తమ తమ గ్రామములకు సంబంధించిన ఇనాం పట్టీలకు నకళ్ళు వ్రాయించి, తెలుగు వివరణముతో సంచికలలో ప్రకటించుట. వచ్చు సంచికలో ఒక్క గ్రామపు పట్టీ యైనను అచ్చయిన యెడల ఈ వ్యాసము వ్రాసిన ప్రయోజనము నెఱవేఱినదని తలంతును.