వీడియో క్రీడయందు మంత్రశబ్దము

జపానుదేశపు క్యాప్‌కాంవారు 2012వ సంవత్సరమున ప్రకటించిన 'అసురాస్ రాత్' అను వీడియో క్రీడయందు దేవతలు యంత్రదేహులు, బ్రహ్మాస్త్రము మహాశతఘ్ని, మంత్రమన్ననో మర్త్యుల ప్రార్థనలనుండియు, ప్రాణములనుండియు సంగ్రహింపఁబడు శక్తి. మన శబ్దముల నపహరించిరని కొందఱు నిందింపవచ్చును. అది తగదు. భక్తుల ప్రాణముల నింధనముగఁ జేసికొను దేవతలను కథానాయకుఁ డెదిరించుట గంభీరమైన ధర్మప్రశ్నయే.

లోపము వేఱొకచోట నున్నది. ద్వారకా తిరుమలయందు ఒకే గర్భాలయమున వేంకటేశ్వరుని మూర్తులు రెండు కలవు. స్వయంభూమూర్తి వక్షఃస్థలము వఱకే దర్శనమిచ్చును. తక్కినభాగము పుట్టలో నున్నదని స్థలపురాణము. పాదసేవ లేనిదే పూజ పూర్ణము గాదని వెనుకవైపున రెండవ మూర్తిని ప్రతిష్ఠించిరి. అందుచేతనే వైశాఖమున నొకటి, ఆశ్వయుజమున నొకటి, ఏటేట రెండు కల్యాణోత్సవములు జరుగుచున్నవి.

ఈ క్రీడ మతమునకు శిరోభాగమునే చూపినది. ప్రార్థించు జనులు కలరు, పూజారిణియుఁ గలదు. ఋషి, ఛందస్సు, గురూపదేశము లేవు. కావుననే మంత్రము కొలఁదికి లొంగు శక్తిగా మాత్రమే మిగిలినది. కల్పితమతమున కది చాలును. జీవన్మతముయొక్క పేరు గ్రహించిన కథకుఁడు దాని యాచారమునుగూడ గ్రహింపవలయును. శిరస్సును దర్శించినవాఁడు పాదములను విడువరాదు.